గేర్లో వెయ్యని బండి

మోటార్ సైకిల్ నడపడంలో పున్నారావు మొనగాడే. ఆపాక నిలబెట్టడంలోనే వీక్.

ఎనభై నాలుగులో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, తెనాలి నుంచి ఇంజనీరు ఉద్యోగానికి వచ్చి సీతమ్మధారలో మేడమీద గది అద్దెకి తీసుకున్నాడు. చేరిన రెండో రోజే అతని రాజ్‌దూత్ వెళ్ళి ఎదురింటి గౌరీశ్వరి సైకిల్ మీద పడింది. తెనాలిలో నేల చాప పరిచినట్టుంటుంది, బండి ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. విశాఖపట్నంలో వీధులు ఎక్కి దిగుతుంటాయనీ, వాన పడితే స్టాండు మట్టిలో దిగబడుతుందనీ పాపం అతనికెవరూ చెప్పలేదు.

చప్పుడుకి బయటికొచ్చిన గౌరీశ్వరి వంకరపోయిన చక్రాన్ని చూసింది. తర్వాత అతన్ని చూసింది. వానలో తడుస్తూ కూడా పున్నారావుకి చెమట పట్టింది.

"ఏటండీ ఇది? బండి ఇలగేనా ఎట్టడం?"

"సైడ్ స్టాండ్ వేశానండీ."

"ఏత్తే సరిపోతాదా? వాలుకి ముక్కెట్టి న్యూట్రల్లో వదిలీసినారు! ముందుకి జారితే స్టాండు ముడుసుకుపోదేటి? ముందు సక్రం ఎగువకుండాల. ఫస్టు గేర్లో ఉండాల. మట్టి మెత్తగుంటే స్టాండు కింద సపాటు రాయెట్టాల."

"మీకు బండి వచ్చాండీ?"

"రాదు. మా అన్న బండి నా కాలి మీద రెండుసార్లు పడింది."

అంతలో ఆమె అన్న అర్జునరావు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. తన్నులు తప్పవనుకున్నాడు పున్నారావు. అర్జునరావు ఒక్క ఊపులో బండి లేపి, అతని భుజం తట్టాడు.

"పర్లేదు బావా! సైకిలే కదా, మనిసి కాదు కదా. రా బావా, టీ తాగుదువు."

బావా! పున్నారావు ఒంట్లో కరెంటు పాకింది. తెనాలిలో దారినపోయేవాణ్ణి ఎవరూ అలా పిలవరు. అక్క మొగుడో, మేనత్త కొడుకో, చెల్లెల్ని ఇద్దామనుకున్నవాడో అయ్యుండాలి. అర్జునరావుకి అక్క లేదు. తను మేనత్త కొడుకు కాదు. ఇంక మిగిలిందేమిటి?

ఆ రోజు నుంచి అర్జునరావు బావా అన్నప్పుడల్లా మనవాడు ఒక అంగుళం పెరిగాడు. సాయంత్రమైతే గౌరీశ్వరి తనిఖీకి వచ్చేది.

"ఈయాల గేర్లో ఎట్టినారా?"

"పెట్టానండీ."

"నాను తోసి సూత్తాను."

బండి కదలకపోతే కళ్ళతోనే నవ్వి వెళ్ళిపోయేది. అది చాలక, ఇంకాసేపు తిట్లు తినొచ్చని అతను కావాలనే న్యూట్రల్లో వదలడం మొదలెట్టాడు. ప్రేమంటే అదే కాబోలు.

ఇంక ఆగలేక అమ్మానాన్నల్ని రమ్మని కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున్న వాళ్ళు రైలు దిగారు. రిక్షా ఎక్కించి, తను బండి మీద ముందు బయల్దేరాడు. సీతమ్మధార మలుపులో టీ కొట్టు దగ్గర అర్జునరావు కనిపించాడు.

"బావా, ఒక టీ. పంసదార తగ్గించు బావా," అంటున్నాడు, అరవై దాటిన కొట్టు చలమయ్యతో.

పున్నారావు బండి స్లో చేశాడు.

"ఏటి బావా, ఈయాల లేటు?" అన్నాడు అర్జునరావు, పేపరు వేసే మనిషితో. ఆఖరికి అడ్డంగా నిలబడ్డ ఎద్దుని కూడా, "జరుగు బావా," అన్నాడు.

అంటే ఈ ఊళ్ళో బావా అన్నది ఊరికే పిలుపన్నమాట! వెనక రిక్షా వచ్చేస్తోంది. పున్నారావు ఒక్క ఉదుటున గౌరీశ్వరి ఇంటి ముందు బండి వెనక్కి తిప్పి ఆపి, దూకి, గేటు దగ్గరికి పరిగెత్తాడు.

"పెద్ద పొరపాటైపోయిందండీ! మా అమ్మానాన్నలు సంబంధం మాట్లాడ్డానికి వచ్చేస్తున్నారు. మీ అన్నయ్య నన్ను బావా అంటుంటే, మీ ఇంట్లో అనుకున్నారేమోనని..."

గౌరీశ్వరి గేటు పట్టుకుని మరీ నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"మా అన్న బావా అన్నాడని పెద్దోల్ని తెచ్చీసినారా? మరి నన్నడిగినారా?"

అడగలేదు. ఇన్నాళ్ళూ అసలు అడగాల్సిన మనిషిని వదిలేశానని అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాడు. నోరు తెరిచేలోపు వెనక కిర్రుమంది. కంగారులో బండి మళ్ళీ వాలుకే పెట్టాడు, అదీ న్యూట్రల్లో. స్టాండు ముడుచుకుపోతోంది.

ఇద్దరూ పరిగెత్తారు. అతను హ్యాండిల్ పట్టుకున్నాడు, ఆమె వెనక క్యారియర్ పట్టుకుంది. ఎవరు వదిలినా బండి పడుతుంది. కింద మలుపులో రిక్షా కనిపించింది, పళ్ళబుట్ట ఒళ్ళో పెట్టుకున్న తల్లితో సహా.

"ఇప్పుడడుగుతున్నానండీ. నేనంటే మీకిష్టమేనా? కాదంటే రిక్షాని అటునుంచి అటే తిప్పేస్తాను. మీ ఇంట్లో ఎవరికీ తెలియనివ్వను."

"ముందు గేర్లో ఎయ్యండి! సేతులు లాగేత్తన్నాయి."

"వేస్తే మీరు వదిలేసి లోపలికెళ్ళిపోతారు."

"ఎల్లను."

"నిజంగా?"

"ఎల్లనని సెప్తన్నాను కదా! ఇంకెలగ సెప్పాల?"

పున్నారావు ఫస్టు గేరు వేశాడు. బండి ఆగింది. భయంభయంగా వెనక్కి తిరిగాడు.

గౌరీశ్వరి అక్కడే ఉంది. రెండు చేతులూ దులుపుకుని, ఓణీ సర్దుకుంటూ, పైకి వస్తున్న రిక్షా వైపు చూస్తోంది.

"మీ అమ్మగారు కాఫీ తాగుతారా, టీయా?" అంది.