కొట్టేసిన రోజు

కొండ ఎక్కే ముందు టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేసే రకం నేను. మోసే బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. అక్క యాభై అయిదు కిలోలుంటుంది, కాబట్టి తన సంచి పదకొండు దాటితే ఒప్పుకోను.

"రేపు నా గోళ్ళు కూడా కత్తిరించి తూస్తావేమో," అంది అక్క, గదిలో నేల మీద సామాన్లు పరుస్తూ.

నవ్వాను. ప్రయాణానికి ఇంకా మూడు రోజులుంది. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. కరెంటు పోయి గంటయింది. కిటికీ దగ్గర మాత్రం కాస్త వెలుతురుంది.

పోయినేడు బావ ఆ కొండ మీదే పోయాడు. దారి, మజిలీలు అన్నీ రాసింది, వెంట వెళ్ళింది నేనే. పైకెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, అందుకని మూడో మజిలీలో ఒక రోజు ఆగి ఒంటికి అలవాటు చేయాలి. ఆ ఒక్క రోజు తిండి కిలోంపావు. ఆ బరువు తగ్గుతుందని ఆ రోజునే కొట్టేశాను. అక్కకి మాత్రం వాతావరణం చెడిందని చెప్పాను. ఇప్పుడు ఆయన పోయిన చోటు చూడాలంటోంది, ఆయన సంచే మోస్తానంటోంది. తనని క్షేమంగా తిరిగి తీసుకురాలేకపోతే నేనిక బతికుండి దండగ.

సామాన్లు సర్దాక సంచిని కొక్కెం కాటాకి తగిలించాను. పన్నెండుంపావు.

రెండో స్వెట్టర్ తీశాం. పన్నెండుంపావు.

పొయ్యి తీశాం. పన్నెండుంపావు.

కాటా చెడిందేమోనని రెండు కిలోల పంచదార ప్యాకెట్ తూచాను. సరిగ్గా రెండు. నాకు ఒళ్ళు మండి సంచి మొత్తం బోర్లించి దులిపాను. ఖాళీ సంచి చేతికి తేలిగ్గానే ఉంది. తగిలించాను. ముల్లు పైకి పాకి... పన్నెండుంపావు దగ్గర ఆగింది.

తడిసిన ఉన్ని వాసన వచ్చింది. తర్వాత చప్పుడు. రెండు పొట్టి ఊపిర్లు... ఒక పొడుగుది... మళ్ళీ రెండు పొట్టివి. సంచిలోంచే.

"మీ బావ..." గుసగుసగా అంది అక్క. "ఏదో అడుగుతున్నారు. ఏంట్రా అది?"

"వాతావరణం కాదక్కా... ఆగాల్సిన రోజు నేనే కొట్టేశాను. కిలోంపావు కోసం."

అక్క మజిలీల కాగితం, పెన్ను నా ముందుకు తోసింది. "మళ్ళీ రాయి."

మూడో మజిలీ పక్కన విశ్రాంతి అని రాశాను. ముల్లు కిందికి దిగింది, ఊపిరి ఆగింది. ఏడుపొచ్చింది నాకు. చెప్పేశాను కదా అనే తేలికతోనే ఏడ్చాను.

ఇక మిగిలింది వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు. బయల్దేరే ముందు ఎవరి అంకె ఎంతో రాసుకోవాలి. అక్కకి తొంభై ఎనిమిది. నేను పెట్టుకున్నాను.

ఎనభై. డెబ్బై ఒకటి. అరవై ఆరు...

నాకు ఆయాసం లేదు. హాయిగానే కూర్చున్నాను. వేలు మార్చాను. అరవై రెండు. మూడో మజిలీలో బావ వేలికి నేను ఆఖరిసారి చూసిన అంకె అదే; అక్కకీ చెప్పాను.

అక్క ఆ అంకెని చూసింది. మీటరు తీసి జాగ్రత్తగా మూత పెట్టింది.

"రేపే బయల్దేరదాంరా," అంది, చాలా మెల్లగా.