శవం ముందు అడగని బాకీ

తెల్లవారేసరికి అంబొ సక్కా శవం తెంపె సరస్సు రేవులో, సొంత పడవ పక్కనే తేలింది.

తల వెనక గాయం. నడుముకు కట్టుకున్న డబ్బు సంచీ లేదు.

సంచీలో ఉన్నది మక్కా యాత్రకు కట్టాల్సిన చివరి వాయిదా. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ. పేర్లు రాయించుకుని ఇరవై ఏళ్ళు ఎదురుచూస్తే ఈ ఏడు వంతు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి గడువు.

ఇన్‌స్పెక్టర్ బాసో విధవరాలు నుర్సియా ఎదుట కూర్చున్నాడు.

"ఎక్కడికని బయల్దేరాడమ్మా?"

"చీకటితోనే పలెవై దగ్గరికి. పడవ ఇంజిన్ అప్పు తీర్చి, అటునుంచి అటే బ్యాంకుకి వెళ్తానన్నాడు. అప్పు మెడకేసుకుని మక్కా ఎలా వెళ్తామే అన్నాడు బాబూ."

"ఆయన లేడుగా. ఇప్పుడు మీరు..."

"మొగుడు పోయినదాన్ని, నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, ఈ ఏడు యాత్రకి వెళ్ళలేను. డబ్బు కడితే నా వంతు వచ్చే ఏటికి నిలుస్తుంది. మూడింటిలోగా దొరుకుతుందా?"

బాసో గడియారం చూసుకుని లేచాడు.

ఎండుచేపల వ్యాపారి పలెవైని అడిగితే అడ్డంగా తలూపాడు. "నా గడప తొక్కలేదు. ఆ అల్లుణ్ణి అడగండి. నిన్న సాయంత్రం మామతో గొడవపడ్డాడు."

గొడవ నిజమే. అల్లుడు మన్సూర్‌ని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. డాక్టర్ శవాన్ని చూసి వెళ్ళాక, ఖననానికని వాణ్ణి ఒక కానిస్టేబుల్ వెంటబెట్టుకొచ్చాడు.

పాడె ముందు ఇమామ్ ఆనవాయితీగా అడిగాడు. "ఈయన ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి. లేదా మాఫీ చేయండి."

టీ కొట్టతను రెండు టీల డబ్బులన్నాడు. అది తాను కడతానని మన్సూర్ ఒప్పుకున్నాడు. ఊరందరి చూపూ పలెవై మీదికి తిరిగింది. ఇంజిన్ అప్పు తెలియనివాళ్ళు లేరు.

పలెవై తల వంచుకున్నాడు. "నాకు రావలసిందేం లేదు."

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి! ఇవాళ ఎంత పెద్ద మనసు చేసుకున్నాడో అని జనం గుసగుసలాడారు. బాసో మాత్రం పలెవై మీంచి చూపు తిప్పలేదు.

ఖననం అయ్యాక పలెవైని నుర్సియా ఇంటికే పిలిపించాడు. మన్సూర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అప్పు మాఫీ చేశావా బాబాయ్?" బాసో అడిగాడు.

"చేశాను. పోయినోడి దగ్గర ఏం అడుగుతాం?"

"కిందటి నెల ఒక మనిషి పోయిన ఇంట్లోనే తక్కెడ పెట్టి మరీ బాకీ వసూలు చేశావు. ఇవాళేమో ఇంజిన్ డబ్బు వదిలేశావా? దేవుడి మీద ఒట్టేసి చెప్పు. మాఫీ చేశావా, లేక అందిందా?"

పలెవై ఒట్టు వెయ్యకుండా గుమ్మం వైపు చూశాడు.

"అందింది. అంటే ఆయన నీ గడప తొక్కాడు. నీ బాకీ అడిగేసి ఉంటే నిన్నెవడూ అనుమానించేవాడు కాదు కదయ్యా!"

"శవం ముందు నిలబడి తీరిన బాకీ మళ్ళీ అడగమంటావా? నరకానికి పోనూ!"

"చంపితే పోవా?"

"చంపాలనుకోలేదు!" పలెవై కూలబడ్డాడు. "నాకూ ఈ ఏడే వంతొచ్చింది. వాయిదాకి తక్కువైంది. ఇచ్చింది నాకు చాల్లేదు. సంచీలోంచి బదులివ్వమని పడవదాకా వెంటపడ్డాను. ఇది నా పెళ్ళాం వంతు, ఇవ్వనన్నాడు. తోశాను. ఇంజిన్‌కి తల కొట్టుకుని నీళ్ళలో పడ్డాడు."

"డబ్బేదీ?"

"పొద్దున్నే నా పేరున కట్టేశాను."

నుర్సియా ఒక్కసారిగా ముందుకు జరిగింది. "నా పేరుకి మార్పించు బాబూ. ఇంకా టైముంది కదా!"

బ్యాంకుకి ఫోన్ చేశాడు బాసో. చాలాసేపు మాట్లాడాడు, బతిమాలాడు, కసిరాడు. ఫోన్ పెట్టేసేసరికి మూడు దాటింది.

"కోర్టు తేల్చాలట అమ్మా. ఏళ్ళు పడతాయి. మీరు మళ్ళీ వరుసలో చివర్నించి..."

ఆమెకి అరవై మూడేళ్ళు.

పలెవై నేలమీద పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర తల పెట్టాడు. "వదినా, మాఫీ చెయ్యి వదినా."

నుర్సియా కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఆయన నీకు పైసా కూడా బాకీ లేడు కదూ?"

"లేడు వదినా."

"మంచిది, ఆయన అప్పు లేకుండానే పోయాడు. నన్ను మాత్రం ఏమీ అడక్కు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు."