ఎవరూ తినని పంట

పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. రామలక్ష్మమ్మ తెడ్డు తిప్పుతూనే పెరటివైపు చెవి పెట్టింది. భర్త నారప్ప గొంతు గట్టిగా వినిపిస్తోంది. ఎదురుగా మనిషెవరూ లేరు. ఆయన తిడుతున్నది బోరు మోటారును.

వరసగా మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోతోంది. చేతికొచ్చిన కాస్త పంటకూ హొసకోట మండీలో ధర లేదు. పరదేశాల నుంచి పామాయిల్ ఓడల్లో దిగుతోందనీ, నూనె మిల్లులకు ఇక మన కాయలు అక్కర్లేదనీ వ్యాపారులు చెప్పేవారు. "యాడో సముద్రం అవతల చెట్టు కాస్తే నా శెనక్కాయకు ధర పడిపోవడమేంది?" అని నారప్ప ఇంటికి వచ్చినవాళ్లందర్నీ అడిగేవాడు.

ఆ ఉదయం తండ్రీ కొడుకులు తినడానికి కూర్చున్నాక కోడలు గంగాదేవి మెల్లగా మాట కదిపింది. ఆమె పుట్టింటి నుంచి వచ్చి రెండు రోజులైంది.

"మామా, మధుగిరి పక్క మా వాళ్లు కంపెనీ దోసకాయ పెట్టినారు. విత్తనాలు, ఎరువు కంపెనీవాళ్లే ఇస్తారు. కాయ వేలంత ఉన్నప్పుడే కోసియ్యాల. ఊర్లోకే టెంపో వచ్చి ఎత్తుకొని పోతాది. మన బోరు నీళ్లు అరెకరాకు చాలు."

"వేలంత కాయా? దాన్ని ఎవరు తింటారు?"

"పరదేశాలోళ్లు. పులుపు నీళ్లలో ఊరబెట్టి, సీసాల్లో దాచిపెట్టుకొని తింటారంట."

నారప్ప పళ్లెం పక్కకు జరిపాడు. "మా తాతకాలం నుంచి మనం తిని, మిగిలింది అమ్మినాం. మన నోట్లోకి పోని పంట నా నేలలో వద్దు."

"అట్లయితే నేను బెంగళూరు పోతా నాయనా," అన్నాడు కొడుకు చిన్నన్న తల ఎత్తకుండా. "గార్మెంట్స్‌లో పని ఉండాదంట. ఈడ ఇద్దరం మొగం మొగం చూసుకుంటా కూర్చుంటే ఏమొస్తాది?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి రామలక్ష్మమ్మ పొలం విషయంలో ఒక్కసారీ నోరు విప్పలేదు. ఏం పెట్టాలో, ఎప్పుడు కోయాలో చెప్పేది నారప్ప. వంగి కోసేది ఆమె. కానీ కొడుకు మాట వినగానే చేతిలో గరిటె కింద పెట్టింది.

"బోరు కింద మడి ఆ దోసకాయకు వదిలెయ్యప్పా," అంది. "నష్టమొస్తే నన్నడుగు."

నారప్ప భార్యవైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తువ్వాలు దులుపుకొని లేచిపోయాడు.

నారప్ప అడ్డు రాకపోవడంతో గంగాదేవి, చిన్నన్న కంపెనీ విత్తనాలు నాటారు. నెల తిరిగేసరికి పురికొసల వెంట తీగలు మనిషెత్తు పాకాయి. పసుపుపచ్చని పూలు, వాటి వెనకే కాయలు. అప్పుడు తెలిసింది ఆ పంట తీరు. పొద్దున చూసి కోయని కాయ సాయంత్రానికి బొటనవేలు దాటిపోతుంది. లావెక్కిన కొద్దీ దాని ధర తగ్గిపోతుంది. ఇల్లంతా చీకటితోనే లేచేది. కాయల మీది సన్నటి ముళ్లకు రామలక్ష్మమ్మ వేళ్లు ఎర్రబడ్డా, సాయంత్రం టెంపో హారన్ వినిపిస్తే ఆ మంట గుర్తుండేది కాదు. చిన్నన్న బెంగళూరు ఊసు మానేశాడు. నారప్ప మడిలో అడుగు పెట్టలేదు గానీ, మేకలేవైనా అటు తిరిగితే అందరికంటే ముందు కర్ర పట్టుకొని పరిగెత్తేవాడు. అది చూసి అత్తాకోడళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఒక సాయంత్రం టెంపో రాలేదు.

మర్నాడు కంపెనీ మనిషి శ్రీరామప్ప మోపెడ్ మీద వచ్చాడు. బండి దిగకుండానే చెప్పాడు. "కొనేవాళ్లు ఇప్పుడు సరుకు వద్దన్నారంటక్కా. ఓడ కదల్లేదు. పది రోజులు కోత ఆపండి."

"మేము ఆపితే తీగ ఆగుతాదా?" అని అడిగింది గంగాదేవి.

ఆయన మోపెడ్ తిప్పుకొని వెళ్లిపోయాడు.

తీగ ఆగలేదు. రెండు రోజుల్లో వేలంత కాయలు జానెడయ్యాయి. కోసి గట్టున పోస్తే కుప్పయింది. నారప్ప మొదటిసారి మడిలోకి దిగాడు.

"చూడు! కళ్లారా చూడు!" కోడలి మీద అరిచాడు. "ఎవడో ఓడ ఎక్కించుకోకపోతే మన కష్టం పేడకుప్పలో పోయాల్నా? ఇదేనా నువ్వు తెచ్చిన భాగ్యం?"

"నీ మాట విని బెంగళూరు పని పోగొట్టుకుంటి," అన్నాడు చిన్నన్న కూడా.

మామ అరుపులు గంగాదేవి ఓర్చుకుంది. మొగుడి మాట ఓర్చుకోలేకపోయింది. "నేను ఈ ఇంటిని ముంచడానికి రాలేదు," అంటూ ఇంట్లోకి పరుగెత్తి, దండెం మీది చీరలు లాగి సంచిలో కుక్కసాగింది.

రామలక్ష్మమ్మ ఒక్కతే కుప్ప దగ్గర నిలబడింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. చేతికందిన కాయ తీసి, కడవలో నీళ్లతో కడిగి, కసుక్కున కొరికింది. చల్లగా కరకరలాడింది, నోరంతా నీరూరింది. ఇన్ని రోజులు కోశారు, మోశారు. ఇంట్లో ఒక్కరూ కొరికి చూడలేదు!

ఆమె గబగబా ఇంట్లోకి నడిచింది. "గంగా, ఆ సంచి పక్కన పెట్టు. ఉప్పూ మిరప్పొడీ కలుపు. గంపలెత్తుకొని పోదాం."

"యాడికి?" అన్నాడు వెనకే వచ్చిన నారప్ప.

"హొసకోట బస్టాండుకు."

"నారప్ప పెండ్లాం బస్టాండులో కూర్చొని దోసకాయలమ్మితే నా తల యాడ పెట్టుకునేది?"

"నీ తల నీ మెడ మీదే ఉంటాదప్పా. ఈ కాయలే రేపటికి ఉండవు."

మిట్టమధ్యాహ్నం. బస్టాండులో ఎండ పెనంలా కాలుతోంది. అత్తాకోడళ్లిద్దరూ గంపలు దించి తల వంచుకొని కూర్చున్నారు. తెలిసినవాళ్లు కనిపిస్తే రామలక్ష్మమ్మ కొంగు ముందుకు లాక్కునేది. ఇంతలో పావగడ బస్సు ఆగింది. చెమటలు కక్కుతూ దిగిన కండక్టరు గంపలోకి తొంగి చూశాడు. గంగాదేవి కాయను నాలుగు చీలికలు చేసి, కారం రాసి ఇచ్చింది. ఆయన నమిలి, "చెన్నాగిదె అమ్మా!" అని కన్నడంలో మెచ్చుకొని, బస్సులోవాళ్లను కేకేశాడు. కిటికీల్లోంచి చేతులు చాపారు. బస్సు మీద బస్సు. మొదటి గంప ఖాళీ అయింది.

పక్కూరి హొన్నమ్మ ఆగిపోయి ముక్కు మీద వేలేసుకుంది. "ఏం రామలక్ష్మక్కా, నువ్వు ఈడ కూర్చున్యావేంది?"

రామలక్ష్మమ్మ ఈసారి కొంగు సర్దుకోలేదు. "నేను కూర్చుంటేనే కదా నువ్వు తినేది. ఇదో, తీసుకో!"

రెండో గంప అడుగంటుతుండగా జనం వెనక ఎద్దులబండి ఆగింది. బండి మీద నారప్ప. రామలక్ష్మమ్మ నలుగురిలో ఏమంటాడోనని లేచి నిలబడింది. బండి నిండా కాయల గంపలున్నాయని అప్పుడు చూసింది. ఒక్కొక్కటీ చిన్నన్న దించుతున్నాడు.

"ఏం కాయ పెద్దాయనా ఇది?" బస్సులోంచి ఎవరో అడిగారు.

నారప్ప గొంతు సవరించుకున్నాడు. "సముద్రం దాటి పొయ్యే కాయ! దొరలు సీసాల్లో దాచుకొని తినేది! మీ అదృష్టం బాగుండి ఈపొద్దు హొసకోటలోనే దిగింది. రాండప్పా, రాండి!"

బస్టాండంతా గొల్లున నవ్వింది. గంగాదేవి నవ్వు ఆపుకోలేక చేతిలో కత్తి కింద పెట్టేసింది.

టెంపో మళ్లీ వచ్చేదాకా కాయ ఒక్కటీ పారేయలేదు. హొసకోట చాలకపోతే శనివారాల్లో పావగడ శనేశ్వరుడి గుడి దగ్గర అమ్మారు. టెంపో వచ్చిన రోజు దాని ముందు నారప్ప నిలబడ్డాడు. ఆయన పక్కనే, ఊళ్లో ఇదే కంపెనీ పంట పెట్టిన బైలప్ప, మిగతా రైతులు. "మీ ఓడ కోసం మా తీగ ఆగదు శ్రీరామప్పా. ఆపేదుంటే ముందే చెప్పాల. చెప్పకుండా ఆపితే నష్టంలో సగం మీది. ఒప్పుకుంటేనే గంపలు ఎక్కేది," అన్నాడు. శ్రీరామప్ప పైవాళ్లను అడిగి చెబుతానని పోయి, ఓడకు సరుకు కావాలి గనక మూడో నాడు వచ్చి ఒప్పుకున్నాడు. మడిగట్టు మీద రైతులు ఈలలు వేశారు.

ఆ సాయంత్రం గంగాదేవి పళ్లేలు పెట్టబోతే నారప్ప ఆపాడు.

"ముందు మీరిద్దరూ కూర్చోండి. ఈపొద్దు నేను వడ్డిస్తా."

"మామా..."

"ఆ పొద్దు మడిలో నీ మీద నోరు పారేసుకుంటినమ్మా. మనసులో పెట్టుకోవద్దు. వచ్చే పంటకు ఏం పెట్టాల్నో మీ అత్తా నువ్వూ చెప్పండి, దున్నేది మా వంతు."

"నేనూ తప్పు మాట్లాడినా గంగా," అన్నాడు చిన్నన్న, మంచినీళ్ల చెంబు భార్య పక్కన పెడుతూ.

గంగాదేవి కళ్లు నిండిపోయాయి. "అరెకరా పరదేశాలోళ్లు తినేది పెడదాం మామా," అంది చెంపలు తుడుచుకుంటూ. "పక్కనే కొంచెం మనం తినేది."

నారప్పకు సంగటి ముద్ద చేయడం చేతకాలేదు. చేతులు కాల్చుకుంటూ, వంకరటింకరగా చేసి భార్య పళ్లెంలో వేశాడు. రామలక్ష్మమ్మ తుంచి నోట్లో పెట్టుకుంది. రెండో తునక తుంచబోయి, భర్త కాలిన వేళ్లవైపు చూసింది. ఈ ఇంట్లో తనకు ఒకరు వడ్డించడం ఇదే మొదటిసారి.

"ఉప్పు చాలలేదా?" అన్నాడు నారప్ప కంగారుగా.

"అంతా సరిగ్గా ఉండాది," అంది ఆమె, ఇంకో ముద్ద కోసం పళ్లెం ముందుకు జరుపుతూ.