జిలానీ కంప్యూటర్

మా ఆయన జిలానీ ఏలూరులో టీవీలు బాగుచేసేవారు. కొల్లేటికోట వెళ్ళొస్తుండగా పడవ తిరగబడి పోయారు. ఏడాదైంది. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఏడుపూ రాలేదు, ఆకలీ వేయలేదు.

ఆయన ముచ్చటపడి దాచుకున్న పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. ఎనభైల నాటిది. యంత్రమంతా కీబోర్డులోనే ఉంటుంది, టీవీకి తగిలించాలి. దానికి ఇంటర్నెట్ పెట్టాలని ఆయన కోరిక. సగంలో ఆగిన ఆ పని పూర్తిచెయ్యమని తాడేపల్లిగూడెంలో ఉండే మా మరిది జీషాన్‌ని అడిగాను.

రెండువేల నాలుగు ఆగస్టు. మధ్యాహ్నం మూడింటికే మబ్బు చీకటి కమ్మింది. తలుపు చప్పుడైతే తీశాను. జీషాన్, నిలువునా తడిసి ఉన్నాడు. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. నేరుగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గదంతా బురదనీటి వాసన, కుళ్ళిన గుర్రపుడెక్క వాసన. వాన కదా అనుకున్నాను.

"టీ పెట్టనా?"

"వద్దు భాభీ," అన్నాడు గుసగుసగా.

ఫోను తీగ మోడెమ్‌కి గుచ్చాడు. అది కీచుమంది, గరగరలాడింది... ఆగింది. నల్లటి తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒక్కో అక్షరమే పడసాగింది.

రేహానా. నేను జిలానీని.

జీషాన్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

తలుపు తియ్యకు. నన్ను నీళ్ళలోకి లాగినది అక్కడికే వస్తోంది. ఎవరిలాగైనా వస్తుంది.

భయపడాల్సింది. పడలేదు. రాయిలా చూస్తూ నిలబడ్డాను.

లైను తెగింది. వెంటనే ఫోను మోగింది. ఎత్తాను.

"భాభీ, నేను జీషాన్‌ని. ఇంకా గూడెం స్టేషన్లోనే ఉన్నానండీ. వానకి రైళ్ళు ఆగిపోయాయి. రేపొస్తాను."

వెనక కుర్చీ కిర్రుమంది... నా మెడ మీద చల్లటి చుక్క పడింది... ఇంకోటి...

"ఎవరు భాభీ?" అంది వెనక గుసగుస.

"రాంగ్ నంబర్," అన్నాను.

వెనక్కి చూడలేదు. చెప్పులైనా వేసుకోకుండా వానలోకి నడిచాను. పక్కింటి వెంకటనరసమ్మగారు "ఏమైందమ్మా?" అంటూ లోపలికి తీసుకెళ్ళారు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే కూర్చున్నాను. చలి కూడా తెలియలేదు.

మర్నాడు జీషాన్ వచ్చాడు. ఆ కంప్యూటర్ ఇంట్లో ఉండొద్దని చెప్పి నేను గుమ్మం బయటే ఆగాను. అతనొక్కడే లోపలికెళ్ళి కంప్యూటరూ మోడెమూ సంచీలో వేసుకుని తెచ్చాడు. గడప దాటి, ఆగి, చెవి ఒగ్గాడు.

"భాభీ... అన్నీ తెచ్చేశాను కదండీ. మరి లోపల టైప్ చేస్తున్నదెవరు?"