ఉత్తరపు దిడ్డి

గుండ్రాతికోటను శత్రుసేనలు చుట్టుముట్టి నలువది దినములయ్యెను. పడమటి కొండ మొదలు తూర్పు మడుగు వరకు గుడారములే. ప్రాకారముపై నిలిచి చూచువారికి నేల కనబడుటలేదు. మిట్టమధ్యాహ్నపు టెండలో శత్రుభేరులు మ్రోగుచుండగా, పదవి పోయి రెండేండ్లయిన ఒకప్పటి మహామంత్రి కొమ్మన ప్రెగ్గడ కొలువునకు నడచుచుండెను.

ఆ ఉదయమున ఉత్తరపు గోడలోని చిన్నవాకిలియగు దిడ్డికి అడ్డముగా పేర్చిన బండలు తొలగియుండుట అతడు చూచెను. కీళ్ళకు ఆముదము కొత్తగా పూసియుండెను. దీపములకే చమురు లేని కోటలో తలుపునకు ఆముదమేల? ఆ దిడ్డి కావలి నేటి మంత్రి మైలయ చేతిలోనిది. చెప్పకున్న కోట పోవును. చెప్పిన తన ప్రాణము పోవును. ఏలయన, ఏ వాకిలి గూర్చి భయము పలికినవాడు ఆ వాకిలి వెలుపల ప్రొద్దు గ్రుంకువరకు నిలువవలెనని శాసనము కలదు. దానిని చేయించినది తానే! అధికారమున నున్ననాడు అతనికి భయమనిన పిరికితనమే. ఆ శాసనమునకు తొలుత బలియైన కావలిభటుడు సోమరౌతు పలికినది నిజమేనని పిదప తెలిసినను, అతడు పెదవి విప్పలేదు. పల్లకి ఎక్కినవానికి బోయీల ఆయాసము వినబడునా?

"ప్రభూ! ఉత్తరపు దిడ్డి శత్రువులకు అమ్ముడుపోయినది." కొలువున రాజు కేతభూపాలుని యెదుట నిలిచి ప్రెగ్గడ పలికెను.

మైలయ నవ్వెను. "పెద్దలు తమ శాసనమునే మరచినారు. ఎవరు తీసిన గోతిలో వారే పడుదురు కాబోలు!"

కేతభూపాలుడు తల వంచుకొనెను. "శాసనము మీరరాదు, ప్రెగ్గడగారూ."

"మీరవలదు ప్రభూ. గణపసేనానిని విలుకాండ్రతో ఆ వాకిలిపై నిలుపుడు. శత్రువును కాదు, తలుపును చూడుమనుడు. నాకు భయముగా నున్నది. వేగమే పంపుడు, లేకున్న పారిపోదును."

అతనిని గంపలో కూర్చుండబెట్టి త్రాళ్ళతో గోడ వెలుపలికి దింపిరి.

ప్రొద్దు వాలుచుండగా శత్రువులు కదలిరి. దిడ్డి తెరచెదమను సంకేతము ముందే వెళ్ళియుండుటచే వారిని ఆపుటకు మైలయకు వ్యవధి లేకపోయెను. ప్రెగ్గడ వెనుక దిడ్డి లోపలికి తెరచుకొనసాగెను. ఆ సందున దూరి బ్రతుకుదమని అతని ప్రాణము కొట్టుకొనెను. కాని అతడు ఉత్తరీయమును తలుపు కడియములో దూర్చి, నడుమునకు బిగించి, గడపరాతికి కాళ్ళు తన్నిపట్టి, తలుపు తెరచుకొనకుండ వెనుకకు వ్రాలెను.

సేనాని దిగివచ్చి లోపలి ద్రోహులను పట్టి దిడ్డి మూయించుసరికి, బల్లెములు ఆ ముసలి వీపున దిగియుండెను.

కోట నిలిచెను. మైలయకు సంకెలలు పడెను. రాజు కన్నీటితో సేనాని నడిగెను. "తుదకు ఏమనెను?"

"ఏమియు అనలేదు ప్రభూ. భయముతో పసివానివలె ఏడ్చినాడు. పైనున్న మాకందరకు వినబడినది. కాని పట్టు వదలలేదు."