తూనికనాలుక

ఏడో శ్వాసకు బుచ్చిరాములు తెర మీది ఎర్రగడిపై బొటనవేలు ఆనించాడు. బీరు, పదహారేళ్లు: రెండు నెలలు బడి తలుపు తెరుచుకోదు. ఎనిమిదోది గంజాయి పొగ. ఇరవై ఒకటి నిండేదాకా బండి నడిపే యోగం లేదు. మనిషి వేలు పడనిదే శిక్ష చెల్లదు కనుకే బుచ్చిరాములుకి ఇంకా జీతం. పిల్లల నోళ్లు వాసన చూడ్డానికి వీధికో శ్వాసస్తంభం పాతారు గానీ, వాళ్లకి అమ్మేవాడి గుమ్మం ముందు ఒక్కటీ పాతలేదు.

తొమ్మిదో శ్వాస మనిషితో సహా వచ్చింది. భుజాన చెట్టెక్కే మోకు, కళ్లల్లో నిప్పులు. కల్లుగీత పనిచేసే ఎల్లాగౌడు కూతురు సుజన.

"నీ స్తంభానికి బుద్ధుందా మామా? తాగలె నేను. కల్లు లొట్టి దించినంక రుచి చూసి ఉమ్మిన. పులిసిందో లేదో నాలికె గాక ఇంకెవరు చెప్తరు?"

"పదిహేడేండ్లకు నాలికె మీద కల్లు పడుడే నేరం బిడ్డా."

శిక్ష తెర మీద వెలిగింది: మోకు జప్తు, నాలుగేళ్లు. ఎల్లాగౌడు కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఇక వాళ్ల చెట్లెక్కే దిక్కుండదు.

"మరి నీ స్తంభానికి పొద్దుగాల్నే సారా పోస్తివి గదా! దీనికెన్నేండ్లు?"

నిజమే. కొలత సరిచూడ్డానికి రోజూ స్తంభం నోట్లో చుక్క పోస్తాడు. "నమూనా పోసిందెవరు?" అని అది అడుగుతుంది, తన పేరు చెప్తే నమోదు చేసుకుంటుంది.

బుచ్చిరాములుకి నవ్వు తన్నుకొచ్చింది. ఏళ్ల తర్వాత. వేలు వెనక్కి తీసుకుని పరికరాల నమోదు తెరిచాడు. పేరు: తూనికనాలుక. పని: కల్లు కొలత. వయసు: పదిహేడు.

స్తంభం చాలాసేపు గుయ్యిమంది. పరికరానికి వయసు నేరం కాదు. పచ్చదీపం వెలిగింది.

"ఇగ నువ్వు సర్కారు సామానువు బిడ్డా."

"గట్లయితే నెలకోపారి నూనె పోస్తవా?"

స్తంభం ఆమె వైపు తిరిగింది. "నమూనా పోసిందెవరు?"

"తాటిచెట్టు!" అని, మోకు ఊపుకుంటూ వెళ్లిపోయింది సుజన.

ఒకరికి పెట్టిన నియమం అందరికీ పెట్టడం ఆ యంత్రం గుణం. ఇక ఏ నోటి వాసనైనా దానికి నమూనాయే. పదో శ్వాస, బీరు వాసనతో బిక్కచచ్చిన పోరడు, ముందుకొచ్చాడు. వేలు కోసం వెలగాల్సిన ఎర్రగడి వెలగలేదు.

"నమూనా పోసిందెవరు?" అని అడిగింది స్తంభం.

పోరడు సందు చివరి వైన్సు దుకాణం వైపు చూశాడు.

బుచ్చిరాములు కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చెప్పు కొడుకా. జర గట్టిగ చెప్పు."