సెలీనా కాపాడిన నాలుగు లారీలు

జెరెమియా పులుసు గిన్నె పక్కకు జరిపి, భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. మస్కట్‌కు దూరంగా ఎడారి అంచున ఉన్న ఇబ్రి ఊరి ఆసుపత్రికి, భార్య సెలీనా పేరుతో రాసిన రాజీనామా అది! టైపు చేయించి తెచ్చినవాడు ఆమె మరిది స్యాం. సంతకం చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఏనాడూ డ్యూటీకి ఆలస్యంగా వెళ్లి ఎరుగని ఆ నర్సుకు, తన ఉద్యోగానికి తనకు తెలియకుండానే సమాధి కట్టేశారనిపించింది... చేతిలోని అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

జెరెమియా దుర్మార్గుడు కాడు. అతని భయానికి కారణం ఉంది. ఇబ్రి దాటి ఎడారిలోకి పోయే రోడ్డు మీదికి వేసవి గాలులకు ఇసుక దిబ్బలు నడిచి వస్తాయి. లారీల ముందు ఇనుప బ్లేడు బిగించి ఆ ఇసుకను పక్కకు తోయడం అతని పని. అతనికి ఉన్నవి నాలుగు పాత లారీలు. వాటి మీది అప్పు పూర్తిగా తీరిపోయి రెండేళ్లయింది. ఈ వేసవి చివర రోడ్ల శాఖ ఇంజనీరు తారిఖ్ మూడేళ్ల పని ఎవరికో ఒకరికి అప్పగించబోతున్నాడు. రంగు వెలిసిన బళ్ళతో నిలబడితే తనను లెక్కచేయరని జెరెమియా భయం. మూడు కొత్త లారీలు వాయిదాల మీద తీసుకోవాలని అతని ఆలోచన. మొదట కట్టవలసిన సొమ్ముకు దారి ఒక్కటే: సెలీనా ఉద్యోగం మానేస్తే ఆసుపత్రి ఇచ్చే సర్వీసు డబ్బు.

విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలుగా ఇంట్లోనే ఉన్న అత్తగారు ఆదెమ్మ, కోడలు కాగితం ముట్టకపోవడాన్ని సహించలేకపోయింది. "సంతకం ఎట్టమ్మా. ఆడేమన్నా జల్సాలకి అడుగుతున్నాడా? జీతం తెచ్చే కోడలికి మొగుడి మాట ఆనదని మా చెల్లెలు ఎప్పుడో చెప్పింది."

స్యాం నవ్వాడు. "వదినకి ఆ డొక్కు బళ్ళ మీద ప్రేమమ్మా. వాటికి రోజూ బీపీ చూస్తది మరి!"

ఆ ఎగతాళి వెనుక ఒక సంగతి ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సును వెంటబెట్టుకుని ప్రతి మంచం దగ్గరా ఆగి, రోగి పరిస్థితి ఒప్పజెప్పి వెళుతుంది. ఆ పద్ధతినే సెలీనా లారీ షెడ్డులో పెట్టింది. దిగే డ్రైవరు, ఎక్కే డ్రైవరు బండి పక్కన నిలబడాలి. ఇంజను ఎంత వేడెక్కింది, ఏ బెల్టు కీచుమంది, గాలి ఫిల్టరు దులిపారా లేదా... అన్నీ చేత్తో తాకి చూపి మరీ చెప్పుకోవాలి. మొదట్లో మెకానిక్కు ఇస్రార్ కూడా "బాజీ, ట్రక్‌కో బుఖార్ హై క్యా?" అని, అక్కా, లారీకి జ్వరమా అంటూ పగలబడి నవ్వినవాడే. తరువాత తరువాత, బండి రోడ్డు మీద ఆగిపోవడం అరుదైపోయాక, అతనే డ్రైవర్లను నిలబెట్టి మరీ అప్పగింతలు చేయించసాగాడు.

సెలీనా చేయి కడుక్కుని వచ్చి కూర్చుంది. "ఏమండీ, ఇసుక వచ్చేది నాలుగు నెలలు. వాయిదా వచ్చేది పన్నెండు నెలలు. మిగతా ఎనిమిది నెలలు ఆ బళ్ళని ఎవరు పోషిస్తారు? అప్పటికి నా జీతం కూడా ఉండదు కదా."

జెరెమియా కాగితాన్ని మళ్ళీ ఆమె ముందుకు జరిపాడు. ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టింది. "ఈ వేసవి గడవనివ్వండి. మన పాత లారీలు చూసే రోడ్డు ఒక్క పూట మూసుకుపోయినా, నేనే వెళ్లి రాజీనామా ఇచ్చేస్తాను."

పెళ్లయిన ఇన్నేళ్లలో అది ఆమె చెప్పిన మొదటి 'కాదు'. జెరెమియా అభిమానం దెబ్బతిని, బట్టలు సర్దుకుని రోడ్డు పని దగ్గరి సైట్ రూముకు వెళ్లిపోయాడు. స్యాం పంతానికి తన ఉద్యోగం జీతం హామీగా పెట్టి, వాయిదాల మీద కొత్త లారీ ఒకటి తెచ్చాడు. తారిఖ్ ఆ వేసవికి రోడ్డును పంచాడు: పొడవైన భాగం పాత లారీలకు, దాని తరువాతి ముక్క స్యాం కొత్త లారీకి. పాత లారీలు మూడు తిరుగుతుంటే నాలుగోది షెడ్డులో సిద్ధంగా ఉండాలన్నది సెలీనా పెట్టిన నియమం. తిరిగే వాటిలో ఏ ఒక్కటి ఆగినా, ఆమె ఉద్యోగానికి ఆ నాలుగోదే దిక్కు!

జూన్‌లో గాలి లేచింది. మూడు రోజులు ఆకాశానికీ నేలకూ తేడా తెలియలేదు. పాత లారీలు దగ్గుతూ, మూలుగుతూ, ఆగకుండా తోశాయి. మూడోనాడు మధ్యాహ్నం సెలీనా డ్యూటీ దిగుతుండగా జెరెమియా ఫోను చేశాడు. కొత్త లారీలో ఎర్రదీపం వెలిగి, బండి కదలడం లేదట. లోపలి కంప్యూటరును సరిచేసే కంపెనీ మనిషి మస్కట్ నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందట. ఇస్రార్ బానెట్ తెరవబోతే స్యాం అడ్డం పడ్డాడట. బయటివాళ్లు చేయి వేస్తే గ్యారంటీ పోతుంది, గ్యారంటీ పోతే అప్పిచ్చినవాళ్లు ఊరుకోరు. తన బండిని తానే తాకలేని స్థితిలో స్యాం ఇసుకలో కూర్చుండిపోయాడు... అతని వెనుక బస్సులు, కూరగాయల లారీలు, పిల్లలతో ఉన్న కార్లు బారులు తీరాయి.

స్యాం సహాయం అడగలేదు. అడగడానికి అతనికి మొహం లేదు. ఊరుకుంటే గెలుపు సెలీనాదే. నాలుగో లారీని పంపితే, మిగిలిన మూడింటిలో దేనికి ఏమైనా తన ఉద్యోగం పోతుంది... ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. కానీ చెప్పవలసిన మాట చెప్పడానికి ఆలస్యం చేయలేదు. "నాలుగోది తీయమని షెడ్డులో ఉన్న డ్రైవరుకి చెప్పండి. నేనూ అదే బండిలో వస్తున్నాను."

తెల్ల యూనిఫాంతోనే ఆమె లారీ ఎక్కింది. పొద్దు వాలకముందే స్యాం వంతు రోడ్డు మీద నల్లని తారు బయటపడింది. ఆమె వంతు రోడ్డు ఒక్క నిమిషమైనా మూసుకుపోలేదు! కదిలిన బస్సులోంచి ఎవరో ఆడవాళ్లు చేతులూపారు. సెలీనా ఇసుక నిండిన పెదవులతో నవ్వింది.

నాలుగో బండి పిలవగానే ఎలా రాగలిగిందని, రోడ్డు చూడటానికి వచ్చిన తారిఖ్ అడిగాడు. జెరెమియా తలపాగాగా చుట్టుకున్న గుడ్డ విప్పి, ఇది తన తెలివి కాదనీ, తన భార్య వద్దన్నందువల్లే ఈ బళ్ళు ఇంకా తన దగ్గర ఉన్నాయనీ అందరి ముందూ చెప్పాడు. తారిఖ్ ఆమె వైపు తిరిగి ఏం కావాలన్నాడు. మూడేళ్ల పని కావాలని ఆమె అంది. షెడ్డులో సిద్ధంగా నిలబడే బండికి కూడా అద్దె కట్టాలని అంతే నెమ్మదిగా చేర్చింది. అతను రెండింటికీ సరేనన్నాడు.

ఇంట్లో స్యాం తలెత్తలేదు. "వదినా... దాన్ని కంపెనీకే తిరిగి ఇచ్చేస్తా."

"బండి మంచిదేరా," అంది సెలీనా. "దానికి నాలుగు నెలల పని పెట్టడమే తప్పు. మస్కట్‌లో కంకర తోలే సైట్‌కి పంపు. ఏడాదంతా తిరిగితే దాని వాయిదా అదే కట్టుకుంటుంది."

జెరెమియా సంతోషం పట్టలేక భార్య పక్కకు వచ్చి కూర్చున్నాడు. "సెలీనా, ఇకనైనా ఆ ఉద్యోగం మానెయ్. కంపెనీ అంతా నువ్వే నడుపుదువుగాని."

ఆమె ఫక్కున నవ్వింది. ఆమె నోరు తెరిచేలోపే ఆదెమ్మ వంటింటి గుమ్మంలోంచి కొడుకును గద్దించింది.

"ఒరేయ్, మళ్ళీ ఆ మాటన్నావంటే ఊరుకోను. నువ్వు, నీ తమ్ముడు, ఆ బళ్ళు... ఇందరినీ మోసింది ఆ ఉద్యోగమే. దాని జోలికి ఎళ్ళకు." తరువాత కోడలి దగ్గరకు వచ్చి, ఆమె జుట్టులోని ఇసుకను చేత్తో దులిపింది. గొంతు మెత్తబడింది. "పొద్దున్నే డ్యూటీ ఉంది కదమ్మా నీకు? లే, తలంటు పోస్తాను. నిన్ను నేనన్న మాటలన్నీ నేనే కడగాలి."